చక్కెర హెచ్చుతగ్గులు (టైప్ 2 మధుమేహం)

శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించక, క్రమంగా దాని ఉత్పత్తీ తగ్గి, రక్తంలో గ్లూకోజ్ పెరగడం టైప్ 2 మధుమేహం. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం (2023) అంచనా.

సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా లైన్లు కలిసే కాజీపేట రైల్వే ఊరు. అక్కడ రాత్రి డ్యూటీ చేసే మధుమేహ రోగులకు వేళకు అన్నం దొరకదు. మాత్ర మాత్రం వేళకు పడుతుంది. ప్రమాదం అక్కడే. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకుని తినకపోతే చక్కెర పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఇది అరుదు.

రక్తంలో చక్కెర డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే చేతులు వణుకుతాయి, చొక్కా చెమటతో తడిసిపోతుంది, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. చూసేవారు తాగి ఉన్నాడనుకుంటారు. ఈ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే మూడు చెంచాల చక్కెర (సుమారు 15 గ్రాములు) నీళ్లలో కలిపి తాగించాలి. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల దాని చక్కెర ఆలస్యంగా రక్తంలో చేరుతుంది, అందుకే అది పనికిరాదు. 15 నిమిషాలకు గ్లూకోమీటర్‌తో మళ్లీ చూసి, పెరగకపోతే అంతే మోతాదు ఇవ్వాలి. కోలుకున్నాక భోజనం పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు, 108కు ఫోన్ చేయాలి.

చక్కెర పెరుగుదల మాత్రం నెమ్మదిగా వస్తుంది, లక్షణాలు ఇవి: తీరని దాహం, మాటిమాటికీ మూత్రం, చూపు మసక. జ్వరం, ఇన్ఫెక్షన్, స్టెరాయిడ్లు దాన్ని ఎగదోస్తాయి. తినలేకపోతున్నామని మందులు సొంతంగా ఆపకుండా డాక్టరును అడగాలి. చక్కెర 300 మిల్లీగ్రాములు దాటి తగ్గకపోయినా, వాంతులో మగతో తోడైనా ఆసుపత్రికే వెళ్లాలి.