రాయచోటి సీమలో తుపాకి: పాలెగాని కోట నుండి లైసెన్సు పుస్తకము వరకు

ఎన్నికల ప్రకటన వెలువడిన దినములలో రాయచోటి వంటి సీమ పట్టణములందు ఠాణా ముంగిట ఒక దృశ్యము కనబడును. పాతపంచెలోనో గోనెపట్టాలోనో చుట్టిన పొడవాటి వస్తువును చంకన పెట్టుకొని రైతులు, వ్యాపారులు వరుసగా నిలిచియుందురు. రెండవచేత చిన్న పుస్తకము ఒకటి ఉండును. లోపలనున్న ఉద్యోగి తుపాకి మీది సంఖ్యను పుస్తకములోని సంఖ్యతో సరిచూచి, చీటి వ్రాసి, తుపాకిని గదిలో పెట్టించును. ఎన్నికలు ముగిసిన పిదప అదే చీటితో వచ్చి ఎవరి తుపాకిని వారు తీసికొని పోవుదురు.

ఈ అప్పగింత నేటివారికి మామూలు సంగతి. కాని రెండు వందల యేండ్లకు పూర్వము ఇదే నేలమీద తుపాకిని అప్పగింపుమనుట యుద్ధము ప్రకటించుటతో సమానము. ఆ కాలము నుండి ఈ కాలమునకు మనము ఏ దారిన వచ్చితిమో కొంచెము వెనుకకు తిరిగి చూతము. నేడు చలనచిత్రము చూచి వచ్చిన యువకుడొకడు, 'మీట నొక్కిన కొలది దానంతట అదే మరల నిండు చిన్న రైఫిలు కలదట; దానిని మనము కొనవచ్చునా?' అని అడుగుచున్నాడు. ఆ ప్రశ్నకును సమాధానము ఈ చరిత్రలోనే ఉన్నది.

మాండవ్యనది ఒడ్డున వీరభద్రస్వామి కోవెల చుట్టును పెరిగిన ఊరు రాయచోటి. చుట్టును గుట్టలు, చిట్టడవులు, వానను నమ్ముకొన్న మెట్టచేలు. విజయనగర సామ్రాజ్యము కూలిన తరువాత ఈ సీమలో రాజ్యము చిన్నచిన్న తునకలై పాలెగాండ్ర చేతులలో పడినది. పాలెగాడనగా ఊళ్లకు కావలి కాయువాడు, కావలికి ప్రతిఫలము పుచ్చుకొనువాడు, తరచుగా ఆ ఊళ్లనే కొల్లగొట్టువాడును. ఈ మూడు పనులకును వాని బలము ఒక్కటే: కొండమీది కోట, కోటలోని బంట్లు, వారి చేతిలోని తుపాకులు. తుపాకి నాడు ఒక మనిషి సొత్తు కాదు. ఒక పదవికి చిహ్నము. తుపాకి పట్టినవాడు ఎవరికో ఒకరికి బంటు.

ఆ తుపాకి ఎట్టిదో తలచుకొందము. గొట్టపు మూతి నుండి మందు పోయవలెను, గుడ్డపేలిక దోపవలెను, సీసపు గుండు వేయవలెను, కడ్డీతో దట్టింపవలెను, ప్రక్కనున్న చిన్న గిన్నెలో మరికొంత మందు చల్లవలెను, నిప్పంటించిన త్రాటిని, అనగా జామగిని, ఊదుకొనుచు ఉండవలెను. వాన కురిసిన జామగి ఆరిపోవును, గాలి వీచిన మందు ఎగిరిపోవును. ఇంత చేసినను నిమిషమునకు ఒకటి రెండు గుండ్లకు మించి కాల్చుట సాధ్యము కాదు. పిమ్మట చెకుముకిరాయి తుపాకి వచ్చి జామగి బాధ తీర్చినది. కాని దట్టించు పని తప్పలేదు.

రాయచోటికి నైరుతిదిక్కున గుఱ్ఱంకొండ కోట నేటికిని నిలిచియున్నది. హైదరలీ, టిప్పుసుల్తానుల కాలమున ఈ సీమకెల్ల అది తాళము వంటిది. 1791లో నైజాము సేనలును కంపెనీ సేనలును కలిసి దానిని ముట్టడించినవి. 1792 శ్రీరంగపట్టణపు సంధితో కడప ప్రాంతము నైజాము వశమైనది. 1800 అక్టోబరు 12నాటి ఒడంబడికతో నైజాము దానిని, తక్కిన దత్తమండలములతో కూడ, ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తము చేసెను. ప్రజలను ఎవరును అడుగలేదు. ఎనిమిదేండ్లలో ముగ్గురు ప్రభువులు మారిరి.

కొత్త ప్రభువుల పక్షమున ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. నాటి లెక్కల ప్రకారము దత్తమండలములలో పాలెగాండ్రు ఎనుబది మంది. వారి కింద ఆయుధము పట్టినవారు ముప్పది వేలు. మన్రో ఏడేండ్లు ఇక్కడ నుండి, జనరల్ క్యాంబెల్ సైన్యముల అండతో, ఒక్కొక్క పాలెగాని లొంగదీసెను. కొందరికి పింఛను, కొందరికి చెర, కొందరికి దేశాంతరవాసము కలిగినవి. మన్రో రైతువారీ పద్ధతి పెట్టెనని మనము చదివికొన్నాము. కాని పన్ను రైతు నుండి నేరుగా సర్కారునకు చేరవలెనన్న, నడుమ తుపాకి పట్టుకొని నిలిచినవాడు ఉండరాదు. పట్టా పుస్తకమునకు దారి చేయుటకే పాలెగాని తుపాకి దిగినది. ఈ సంబంధమును మనము మరువరాదు.

దిగిన తుపాకులన్నియు మాయము కాలేదు. పాలెగాని బంట్లలో అనేకులు కట్టుబడి బంట్రోతులై, ఇనాము భూములు అనుభవించుచు ఊరి కావలి కాచుచుండిరి. ఆ ఇనాములకు ముప్పు వచ్చినపుడు వారి కోపము మరల రగిలినది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై పడినపుడు ఆయన వెంట నడచినవారిలో కట్టుబడులు ముఖ్యులు. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసిరి. సీమలో పాలెగాని తుపాకి చివరిసారి మ్రోగినది అప్పుడేయని చెప్పవచ్చును.

అటుపిమ్మట సర్కారు కోటలతో గాక కాగితముతో పోరాడుట నేర్చుకొన్నది. 1857 తిరుగుబాటు నడుచుచుండగనే ఆయుధముల చట్టము ఒకటి వచ్చెను. 1860లో మరియొకటి వచ్చెను. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున వచ్చిన 11వ చట్టము ఎనుబది యేండ్లు నిలిచినది. లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనుట నేరమైనది. ఆ చట్టము కింద చేసిన నియమములలో ఐరోపావారికి మినహాయింపు ఉండెను. ఈ దేశస్థునకు అనుమతి కావలసివచ్చెను. స్వాతంత్ర్యోద్యమ నాయకులకు ఈ చట్టముపై కలిగిన ఆగ్రహమునకు తుపాకిపై మోజు కారణము కాదు. ఆ భేదమే కారణము. అందుకే 1931లో కరాచీ కాంగ్రెసు మహాసభ ప్రాథమిక హక్కుల తీర్మానములో, నియమములకు లోబడి ఆయుధము ఉంచుకొను హక్కును కూడ చేర్చినది.

ఆ నడుమ సముద్రముల ఆవల తుపాకి రూపు మారిపోయినది. 1845 ప్రాంతమున ఫ్రాన్సులో ఫ్లోబేర్ అనునతడు, ప్రేలుడు పదార్థము నింపిన చిన్న టోపికే గుండును అమర్చెను. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు దానిని పెంచి, పాయింటు 22 తూటాను తయారుచేసిరి. మందు, గుండు, నిప్పు అన్నియు ఒకే రాగిరేకు గొట్టములో ఇమిడినవి. ఆ గొట్టపు అడుగున చుట్టును ఉబ్బిన అంచులో ప్రేలుడు పదార్థము ఉండును. తుపాకిలోని సూది ఆ అంచును కొట్టగనే అది ప్రేలును. అందుచేతనే దానిని రిమ్‌ఫైర్ తూటా అందురు. 1887లో 'లాంగ్ రైఫిల్' అను రకము వచ్చెను. నేడు లోకమంతట అభ్యాసమునకు వాడునది అదియే. దాని గుండు బరువు సుమారు రెండున్నర గ్రాములు. అడ్డము సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు. కాని దానిని ఆటవస్తువని తలపరాదు. అడ్డు లేనిచో ఆ గుండు కిలోమీటరునకు మించి పోగలదు.

ఈ తూటాను కాల్చు రైఫిలు రెండు విధములు. ఒకదానిలో ప్రతి గుండునకు చేతితో బోల్టును వెనుకకు లాగి ముందుకు త్రోయవలెను. రెండవది సెమీ ఆటోమేటిక్. 1903లో వించెస్టర్ కంపెనీవారు అట్టి రిమ్‌ఫైర్ రైఫిలును విక్రయమునకు తెచ్చిరి. తూటా ప్రేలినపుడు వాయువు గుండును ముందుకు త్రోసినట్లే ఖాళీ గొట్టమును వెనుకకు త్రోయును. ఆ త్రోపునకే బోల్టు వెనుకకు జరిగి, ఖాళీ గొట్టమును బయట పడవేయును. స్ప్రింగు దానిని మరల ముందుకు నెట్టగా అది పెట్టెలోని మరియొక తూటాను తీసికొని గొట్టములో ఉంచును. మీట నొక్కుట తప్ప మనిషికి వేరు పని లేదు. మన పాలెగాని బంటు నిమిషముసేపు చేసిన పనిని ఈ యంత్రము కనురెప్పపాటులో చేయును.

1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్. వి. కామత్ ఆయుధము ధరించు హక్కును రాజ్యాంగములో చేర్చవలెనని సవరణ తెచ్చెను. సభ అంగీకరింపలేదు. కాబట్టి మన దేశమున తుపాకి హక్కు కాదు, అనుమతి. ఆ అనుమతికి నేటి ఆధారము 1959 ఆయుధముల చట్టము. అది 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చెను. దానిని ఓపికతో చదివినచో ఒక వింత సంగతి తోచును. చట్టము తుపాకులను మెట్లుమెట్లుగా పేర్చినది. పంట కాపాడుకొను రైతునకు మూతి నుండి మందు దట్టించు తుపాకి. అది చాలదని అధికారికి తోచినచో నునుపు గొట్టపు తుపాకి. గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బులో సభ్యుడైనవానికి గురి అభ్యాసము కొరకు పాయింటు 22 రైఫిలు. సెమీ ఆటోమేటిక్ రైఫిలు మాత్రము, అది ఎంత చిన్న తూటా కాల్చునదైనను, నిషిద్ధాయుధముల పట్టికలో చేరును. కేంద్రప్రభుత్వపు ప్రత్యేకానుమతి లేక సామాన్యుడు దానిని ఉంచుకొనరాదు. 1962 నియమములకు బదులుగా 2016లో కొత్త నియమములు వచ్చినను ఈ మెట్టు మారలేదు. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకొనదగిన తుపాకులు మూడు నుండి రెండునకు తగ్గినవి. లైసెన్సు గడువు మూడేండ్ల నుండి ఐదేండ్లకు పెరిగినది.

ఆ యువకుని ప్రశ్నకు ఇదే సమాధానము: అన్నా, అది మనకు కాదు. ఎందుకు కాదన్నచో, చట్టము కొలిచినది తూటా పరిమాణమును మాత్రమే కాదు, ఒక గుండునకును తరువాతి గుండునకును నడుమనున్న కాలమును కూడ. మందు దట్టించుటకు పట్టు నిమిషములో కోపము చల్లారుటకు అవకాశము కలదు. ఎదుటివాడు పరుగెత్తుటకును, నడుమ పెద్దమనిషి అడ్డుపడుటకును అవకాశము కలదు. కక్షలచేత ఇండ్లు పాడైన ఊళ్లను చూచిన సీమవారికి ఈ నిమిషము విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అట్లని రైతు గోడు లేకపోలేదు. వేరుసెనగ ఊడలు దిగి కాయ పట్టు వేళకు అడవిపందులు గుంపుగా వచ్చి ఒక్క రాత్రిలో చేనంతయు దున్నిపోవును. మంచెమీద కూర్చుండి డబ్బా వాయించు వానికి చేతిలో తుపాకి ఉన్నచో ధైర్యము. కాని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన తరువాత లైసెన్సు ఉన్నంతమాత్రమున జంతువును కాల్చుటకు వీలు లేదు. దానికి అటవీశాఖవారి ప్రత్యేకానుమతి కావలెను. కావున అనుమతి చేతికి రానంతవరకు ఆ తుపాకి శబ్దమునకే పనికివచ్చును. పంట పోయిన రైతునకు ఆ కాగితము ఎంత త్వరగా చేరునన్నదే నేటి అసలు ప్రశ్న. ఆయుధమును అదుపులో పెట్టిన ప్రభుత్వమునకు పంటను కాపాడు బాధ్యత కూడ దానితోనే సంక్రమించినదని మనము గుర్తుచేయవలసియున్నది.

ఇక గురి నేర్వగోరు పిల్లలకు దారి మూసికొని పోలేదు. 1948లో ఏర్పడిన ఎన్.సి.సి.లో చేరిన పల్లెటూరి విద్యార్థి నేలపై బోర్లపడుకొని 'పాయింట్ టూ టూ' రైఫిలు కాల్చుట నేర్చుకొనుచున్నాడు. 1951లో జి. వి. మవలంకర్ అధ్యక్షతన జాతీయ రైఫిలు సంఘము వెలసినది. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్యపతకము గెలిచెను. ఏబది మీటర్ల ఒలింపిక్ పోటీలో నేటికిని వాడునది ఈ చిన్న రిమ్‌ఫైర్ తూటాయే. ఆ రైఫిలులో ప్రతిసారి ఒక్క తూటానే చేతితో పెట్టుదురు. ఉత్తమమైన గురికి వేగము అక్కరలేదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి?

అట్టి రైఫిలును అమర్చుకొను విధము కూడ ఓర్పు పాఠమే. ముందుగా గొట్టము ఖాళీగా ఉన్నదని కంటితో చూచి, వ్రేలితో తడిమి నిర్ధారించుకొనవలెను. ఏబది మీటర్ల దూరమున గురికాగితము నిలిపి, ఆనిక మీద రైఫిలు నుంచి, ఐదేసి గుండ్లు కాల్చి, గుంపు ఎటు పడినదో చూచి, గురిపలకను కొంచెము కొంచెముగా జరుపవలెను. ఆ దూరమునకు సరిచేసిన గురి నూరు మీటర్లకు పోవుసరికి సుమారు అర అడుగు క్రిందికి పడును. పని ముగియగనే తుడిచి, తూటాలను వేరుచోట, రైఫిలును వేరుచోట తాళము వేసి దాచవలెను. తాళపుచెవి పిల్లల కంటబడరాదు.

ఠాణా ముంగిటి వరుసను ఇపుడు మరల చూతము. పాలెగాని తుపాకిని దింపుటకు మన్రోకు సైన్యము కావలసివచ్చెను. నేటి రైతు తన తుపాకిని తానే తెచ్చి అప్పగించి, చీటిని రుమాలులో ముడివేసికొని, మాండవ్య వంతెన మీదుగా ఇంటికి పోవుచున్నాడు. ఓటు వేయుదినమున ఎవరి చేతిలోను తుపాకి ఉండరాదని అతడు ఒప్పుకొన్నాడు. ఆ ఒప్పుకోలు చిన్నది కాదు; ఈ సీమ దానికి రెండు వందల యేండ్ల మూల్యము చెల్లించినది.