బండి బ్యాటరీ, ఇంటి వెలుగు

ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి గైకొన్న వృత్తాంతమును చరిత్రకారులు పలుమారులు వ్రాసిరి. ఆ దుర్గమునకు ఆవల, వెలిగొండల నీడలో నున్న సీతారామపురము వంటి మెట్టయూళ్లకు రాత్రివెలుగు ఏ త్రోవను వచ్చెనో, వచ్చినది నిలువనప్పుడు జనము దాని నెట్లు నిలుపుకొనిరో వ్రాసినవారు అరుదు. నా దృష్టిలో ఇదియు చరిత్రయే.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము ప్రారంభమైనను, 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడినను, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలసి తీగలు సాగించుటకు అప్పు లిచ్చినను, కాగితముమీది వెలుగు వేరు, గడపలోని వెలుగు వేరు. 1997 వరకు మనదేశమున చెల్లిన నిర్వచనము ప్రకారము, గ్రామపు పొలిమేరలో ఏ పనికైనను విద్యుత్తును వాడినచో ఆ గ్రామము విద్యుదీకృతమే. ఇండ్లన్నింట లాంతరు వెలుతురుననే కూడు తినుచున్నను, పొలమున ఒక్క బావిమోటారు తిరిగినచో లెక్క సరిపోయెడిది. తీగ వచ్చిన ఇంటనైనను చింత తీరలేదు. గాలివానకు స్తంభ మొరిగినను, ట్రాన్స్‌ఫార్మరు కాలినను, తీగ చివరనున్న యూరికి కరెంటు కడపటనే వచ్చును.

ఆ లోటును కొంత తీర్చినది బండి. ట్రాక్టరు పల్లె కెక్కిన పిదప దానిలోని పండ్రెండు వోల్టుల బ్యాటరీ పగలు సేద్యమునకును, రాత్రి ఇంటికిని పనికివచ్చెను. పెండ్లిపందిట మైకుసెట్టు దానితో మ్రోగెను. 1987 జనవరిలో దూరదర్శన్ రామాయణము మొదలిడిన పిమ్మట, ఆదివారపు ఉదయమున కరెంటు పోయినచో, పండ్రెండు వోల్టులతోనే నడచు చిన్న నలుపు-తెలుపు టీవీకి ఆ బ్యాటరీని తగిలించి, వీధి వీధియంతయు ఒక్క అరుగున చేరి చూచుట తెలుగు పల్లె లెరిగిన దృశ్యము. ఎర్ర క్లిప్పు ప్లస్ కొమ్మునకును, నల్ల క్లిప్పు మైనస్ కొమ్మునకును పట్టింపవలెను; గదులలో నీరు తగ్గినచో డిస్టిల్ వాటరు పోయవలెను; ఆసిడ్ చుక్క పడిన పంచె ఉతుకునకు నిలువదు.

అయినను ఆ బ్యాటరీ ఇంటికొరకు పుట్టినది కాదు. 1859లో ఫ్రాన్సున గాస్టన్ ప్లాంటే కనుగొన్న సీసపు బ్యాటరీకి వంశజమే యైనను, ఇంజనును ఒక్క క్షణమున త్రిప్పుటకై పలుచని పలకలతో కూర్చిన యీ రకము, గంటలతరబడి కొంచెము కొంచెముగా ఖాళీ చేయుటకు తాళలేదు. పలకలపై లవణము గట్టిపడి ఆయువు తరుగును. రాత్రి టీవీ చూచిన ఇంట తెల్లవారి సెల్ఫు తీసుకొనక, నలుగురు కలిసి ట్రాక్టరును తోయవలసివచ్చెడిది. కలవారు అందుకే అదనముగ మరియొక బ్యాటరీని కొని, ఒకటి బండిలో నిండుచుండగా రెండవదానిని ఇంట వాడి, వంతులు మార్చుకొనుచుండిరి. తరువాత ఇన్వర్టర్లు, వానికి తగిన మందపు పలకల బ్యాటరీలు వచ్చెను. 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ తిరుపతి చెంతనే వానిని తయారుచేయసాగెను.

ఆపైన బండి బ్యాటరీయే మరల ఇంటివైపు తిరిగెను. 2011 మార్చి భూకంపముతో, సునామీతో చీకటిపాలైన జపానులో, 2012లో నిస్సాన్ సంస్థ తన లీఫ్ విద్యుత్ కారు నుండి ఇంటికి కరెంటు నిచ్చు ఏర్పాటును విపణికి తెచ్చెను. మనదేశమున 2023లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ బయటి పరికరములను నడుపగలదు. ట్రాక్టరు బ్యాటరీ నిండుగ నున్నను దానిలో రమారమి ఒక్క యూనిట్టు. 2023లో ఆ కారు వచ్చినప్పటి పెద్దరకపు బ్యాటరీలో 40.5 యూనిట్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు దీపములు, ఒక టీవీ గల ఇంటికి దినమునకు మూడు యూనిట్లు చాలును గనుక, అది పదిదినములకు తక్కువగాని వెలుగు. కాని మెట్టరైతు ఇంట ముందుగా చేరునది కారు గాదు, స్కూటరు. మూడు యూనిట్ల స్కూటరు బ్యాటరీ ఇంటిని ఒక్క దినము గట్టెక్కించినను అదియే మేలు. ఇంటికి కరెంటు నిచ్చు సౌకర్యమును ప్రతి స్కూటరునకును, ఆటోకును కల్పించుట తయారీదారుల ధర్మమని నా నిశ్చితాభిప్రాయము.

పాఠకులకు ఒక మనవి. బయటి లైనును విడదీసి ఇంటిని బండికి కలుపు చేంజోవర్ స్విచ్చి లేక, బండి కరెంటును ఇంటి వైరింగులోనికి ఎక్కింపకుడు. అది మీటరు దాటి, ట్రాన్స్‌ఫార్మరులో వేల వోల్టులుగ పెరిగి, లైనులో కరెంటు లేదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణము తీయగలదు. ముందు ఆ స్విచ్చిని పెట్టించి, పిమ్మటనే దీపము వెలిగింపుడు.