వేషమును జన్మమును

చలనచిత్రములలోను టెలివిజన్ ధారావాహికలలోను ఒక పాత్రకు నటుని నెట్లెన్నుకొనవలెనను చర్చ నేడు తఱచుగా వినవచ్చుచున్నది. ఒక జాతివారి పాత్రను ఆ జాతివారే ధరింపవలెనా? ఒక కష్టమును పడినవారి కథను ఆ కష్టము నెఱిగినవారే నటింపవలెనా? 2014లో మణిపురపు ముష్టియోధురాలు మేరీ కోమ్ జీవితము చిత్రముగా వచ్చినపుడు ఆ వేషమును ప్రియాంకా చోప్రా ధరించెను. ఈశాన్య రాష్ట్రములలో నొక్క నటియు దొరకలేదా యని పలువు రడిగిరి. 2023లో ట్రాన్స్‌జెండర్ల హక్కులకై పాటుపడిన శ్రీగౌరీ సావంత్ కథను సుస్మితా సేన్ నటించినపుడును ఇట్టి ప్రశ్నయే పుట్టెను. దీనికి సమాధానము సిద్ధముగానే యున్నది: తాను కానిదానిని తానైనట్లు చూపుటయే కదా నటనము! ఈ మాటలో సత్యము లేకపోలేదు. అయితే ఆ స్వేచ్ఛ యెవరి కుండెను, ఎవరికి లేకపోయెను అనునది చరిత్ర చెప్పవలసిన సంగతి గాని తర్కము చెప్పునది కాదు.

1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' చిత్రమును దీయునపుడు తారామతి వేషమునకు స్త్రీని వెదకెను. కులస్త్రీలు రాలేదు, వేశ్యలును సమ్మతింపలేదు. తుదకు భోజనశాలలో పనిచేయుచుండిన సాలుంకే యను యువకుడు చీర గట్టవలసి వచ్చెను. 1917లో వచ్చిన 'లంకాదహనము'న ఈతడే రాముడు, ఈతడే సీత! ఆ దంపతుల వియోగదుఃఖ మెట్లుండెనో చూచినవారికే యెఱుక. కాని 1913లోనే 'మోహినీ భస్మాసుర' చిత్రమునకు దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించుటకు వచ్చిరి. స్త్రీలు లేరను మాట నాడే చెల్లని దయ్యెను.

మన యాంధ్ర రంగస్థలమున స్థానము నరసింహారావు గారి సత్యభామను, చింతామణిని మఱచువా రెవరు? 1956లో పద్మశ్రీ బిరుదము నందిన ఆ మహానటుని కళను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని ఆ కళ పుట్టిన నేల యెట్టిదో గుర్తింపవలయును. గౌరవముగల యింటి ఆడుది రంగస్థల మెక్కరాదను నిషేధ ముండుటచేతనే పురుషుడు సత్యభామ కావలసి వచ్చెను. ఆ నిషేధమును లెక్కచేయనివా రాకాలముననే యుండిరి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున ఆరంభమైన నాటక సమాజమున ఆ కుటుంబపు స్త్రీలే స్త్రీవేషములు ధరించుచుండిరి. 1932లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చినపుడు లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ సమాజమునుండి వచ్చినదే. సమీపమునుండి ముఖమును జూపు యంత్రమును, కంఠమును వినిపించు యంత్రమును వచ్చిన పిదప చిత్రములందు పురుషుల స్త్రీవేషములకు చోటు తగ్గిపోయెను. ఆ తగాదా అంతటితో సద్దుమణగెను.

కులము తగాదా మాత్ర మట్లు తేలలేదు. 1920ల చివర తిరువనంతపురమున జె.సి. డేనియల్ 'విగతకుమారన్' అను చిత్రమును దీసెను. మలయాళమున నదియే మొదటి చిత్రము. అందు సరోజిని యను నాయరు యువతి వేషమును పి.కె. రోజీ ధరించెను. ఆమె పులయ కులమున బుట్టినది. కాక్కారిశ్శి యను జానపద నాటకములో నారితేరిన నటి. అనగా ఆ వేషమునకు ఆమె నటనబలముతోనే వచ్చినది. చిత్ర ప్రదర్శనమునకు ఆమెను రానీయలేదు. నాయకుడు ఆమె కొప్పులోని పువ్వును ముద్దిడు దృశ్యము తెఱపై రాగానే ప్రేక్షకులు రాళ్లు రువ్విరట. పిదప ఆమె యింటిని తగులబెట్టిరి. ఆమె ప్రాణములు దక్కించుకొని తమిళదేశమునకు పాఱిపోయెను.

ఇక మన చిత్రము. 1938లో గూడవల్లి రామబ్రహ్మము గారు 'మాలపిల్ల'ను దీసిరి. చలము గారి కథ, తాపీ ధర్మారావు గారి సంభాషణలు. బ్రాహ్మణ యువకునకును హరిజన బాలికకును ప్రేమ, దేవాలయ ప్రవేశము అందలి విషయములు. ఛాందసులు మండిపడిరి. ఆ రోజులలో నిట్టి చిత్రమును దీయుట సామాన్యమైన ధైర్యము కాదు. దానిని మేము మనసార మెచ్చుచున్నాము. మాలపిల్ల వేషమును ధరించినది కాంచనమాల, అప్పటికే చిత్రములలో నటించి యున్న సుందరి. ఆ వేషము ఆమెకు గొప్ప కీర్తిని దెచ్చెను.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. ఒకామె క్రిందివారి వేషమును వేసి కీర్తి గాంచెను. ఒకామె పైవారి వేషమును వేసి యిల్లు గోల్పోయెను. "నటన మనగా తాను కానిది యగుటయే" యను సూత్రము రెండవ యామెకు వర్తింపలేదు. ఆలోచింపగా నింకొక చిత్రమైన సంగతి తోచుచున్నది: ఏ పాత్రను ఆ జన్మమువారే ధరింపవలెనని మన దేశమున మొట్టమొదట పట్టుబట్టినవారు ఆ రాళ్లు రువ్వినవారే! కనుక ప్రతి వేషమునకును జన్మపత్రికను చూడవలెనను నియమమును మేము కోరము. అట్టి నియమమున్నచో రోజీకి సరోజిని వేషము ఎన్నటికిని దక్కదు. మేము కోరునది వేఱు. మణిపురపు పిల్లకు మేరీ కోమ్ వేషమును నిరాకరించి, మఱి యే నాయిక వేషమునకును ఆమెను పిలువని చోట "నటనకు ఎల్లలు లేవు" అను మాట నోట రారాదు. తమిళమున 'పేరన్బు' చిత్రములో మమ్ముట్టి సరసన ట్రాన్స్‌జెండర్ యువతి వేషమును ట్రాన్స్‌జెండర్ నటి అంజలి అమీరే ధరించెను. అది మంచి మొదలే. ఆమెను కేవలము గృహిణిగానో న్యాయవాదిగానో చూపు చిత్రములు విరివిగా రావలసి యున్నవి.

'విగతకుమారన్' ప్రతి యొక్కటియు నేడు మిగిలి లేదు. రోజీ తమిళదేశమున నాయరు కులస్థుడైన యొక లారీ చోదకుని వివాహమాడి, రాజమ్మాళ్ అను పేర కాపురము చేసినదనియు, ఆమె సంతానము నాయర్లుగానే పెరిగిరనియు, తల్లి యొకప్పుడు తెఱపై నాయరు యువతిగా కనబడిన సంగతి వారికి పెద్దగా తెలియదనియు పిదప ఆమెను గూర్చి శోధించినవారు చెప్పుచున్నారు.