తేనెచరియ త్రాటి పుట్టుపూర్వోత్తరములు

మార్కాపురమనగానే తెలుగునాట ఓనమాలు దిద్దిన ప్రతివానికిని పలక స్ఫురించును. ఆ పలకరాయి ఏ శిలాశ్రేణికి చెందినదో, ఆ ప్రాంతమునకు పడమటి హద్దుగా నిలిచిన నల్లమల చరియలును ఆ శ్రేణికే చెందినవి. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలను గూర్చి 1872లో ప్రకటించిన గ్రంథమున ఈ రాళ్లకు నల్లమల పేరునే పెట్టెను. వానిలో పొరలు పొరలుగా చీలు పలకరాళ్లు కంభము పేరను, అతికఠినములైన క్వార్ట్‌జైట్ రాళ్లు బైరేనికొండ పేరను నేటికిని శాస్త్రగ్రంథములలో వ్యవహరింపబడుచున్నవి. పలకరాయి ఎండకును వానకును త్వరగా అరుగును. క్వార్ట్‌జైట్ అంత సులభముగా అరుగదు. కావున మెత్తనిపొర మీద గట్టిపొర యున్నచోట, క్రిందిది క్రమముగా రాలిపోగా పైది ఇంటిచూరువలె ముందునకు పొడుచుకొని నిలుచును. కొండతేనెకు ఆ చూరే ఆధారము.

కొండలయందు పట్టుపెట్టు పెద్దజాతి తేనెటీగ, కొన్ని చిన్నజాతులవలె తొఱ్ఱలో దూరి కాపురముండక, ఒకే యొక పెద్దపట్టును, గజము వెడల్పునకు మించినదానిని సైతము, ఆరుబయట వ్రేలాడగట్టును. వాన తగులరాదు, ఎలుగుబంటికి అందరాదు. ఇట్టి తావు చూరు క్రిందగాక మఱెక్కడ దొరకును? పట్టు పైయంచున, రాతినంటిన మూలయందు, తేనె దళసరిగా నిలువయుండును. క్రింది పలుచని భాగమంతయు పిల్లలుండు గదులే. ఇట్టి చోటికి క్రిందినుండి ప్రాకిపోవుట పొసగదు. ఏలయన రాయి ప్రాకువాని నెత్తిమీదికి వంగియుండును. పైనుండి త్రాడు వేయవలసినదే. కాని పైనుండి వేసిన త్రాడు నిట్టనిలువుగా దిగునే గాని చూరు క్రిందికి తనంతట మరలిపోదు గదా! దిగినవాడు పట్టునకు ఎదురుగా, ఐనను దానికి బారెడో రెండు బారలో ఎడముగా, శూన్యమున వ్రేలాడుచుండును. కొండతేనె విద్యలోని చిక్కంతయు ఆ రెండు బారలలోనే యున్నది.

ఆ చిక్కును మనుష్యుడు ఎన్నడు విప్పుకొనెనో తెలుపు శాసనము లేదు గాని సాక్ష్యములు లేకపోలేదు. స్పెయిన్ దేశమున వాలెన్సియా ప్రాంతమందలి బికోర్ప్ గ్రామము చెంత, అరాన్యా గుహలో, త్రాళ్లను పట్టుకొని తేనెపట్టును చేరిన మనిషి బొమ్మ కలదు. చుట్టును ఈగలు ముసురుచుండును. దాని వయస్సు సుమారు 8000 సంవత్సరములని పండితుల అంచనా. మన మధ్యభారతమున భీంబేట్కా, పచ్‌మఢీ కొండగుహలలోను తేనె దింపు బొమ్మలున్నవి. ఇక కొండరాళ్ల నెక్కుట వినోదముగా, క్రీడగా పుట్టినది మొన్నమొన్న. 1886 జూన్ నెలలో హాస్కెట్ స్మిత్ అను ఆంగ్లేయుడు తమ దేశపు సరస్సుల సీమలో నేప్స్ నీడిల్ అను రాతిసూది నొంటరిగా నెక్కినది మొదలని చరిత్రకారులు లెక్కింతురు. అది క్రీడకు పుట్టినతేది కావచ్చును గాని విద్యకు కానేరదు.

నల్లమల అడవి గిరిజనులైన చెంచులు త్రాటిపై తేనె దింపు పనికి అచ్చులోనికెక్కిన ప్రసిద్ధమైన వర్ణన ఎడ్గార్ థర్‌స్టన్‌ది. మదరాసు ప్రభుత్వ మ్యూజియమున అధికారిగానుండిన ఈయన, కె. రంగాచారి తోడ్పాటుతో దక్షిణ భారతపు కులములను, తెగలను గూర్చి 1909లో ఏడు సంపుటముల గ్రంథమును ప్రకటించెను. చెంచులను గూర్చిన భాగమున తేనెదింపు ప్రస్తావన కొద్ది వాక్యములు మాత్రమే. ఐనను నేటి కొండయెక్కు క్రీడాకారులు ఒక కఠినమార్గమును అంగాంగముగా విడదీసి చూచుకొనునట్లు ఆ వాక్యములను విడదీసి చూచినచో, ఒక్క కదలికయైనను అనవసరమైనది కానరాదు.

ఆ వర్ణన ఇది: వంగు స్వభావముగల వెదురును అల్లిన త్రాటిని, పైన చెట్టునకో గట్టి ఆధారమునకో దిగగొట్టిన మేకునకు బిగింతురు. దిగువాడు ఒక గంపను, ఒక కఱ్ఱను తీసికొని దిగును. మొదటి ఊపున పట్టు క్రిందికి చేరి గడ్డినో పొదలనో మండించి, పొగతో ఈగలను తరుమును. రెండవ ఊపున పట్టును మఱింత సమీపించి కఱ్ఱతో దానిని పొడుచును. తెగిన పట్టును గంపలో పట్టుకొనును. గంపనుండి కారు తేనె, దానికి అమర్చిన పాత్రలో పడును. రెండును నిండిన పిమ్మట త్రాటిని కదపును, పైవాడు లాగుకొనును.

ఈ రెండు ఊపులను నేనెంత తలచుకొనినను తనివి తీరదు. చూరు వలన కలిగిన రెండు బారల ఎడమును దాటుటకు ఊయల తప్ప వేఱుపాయము లేదు. పొగ పెట్టుట, పొడుచుట అను రెండు పనులును ఒక ఊపులో ముగియవు గనుక ఊపులు రెండైనవి. వీనిలో రెండవదే కష్టతరమని నా తలంపు. మొదటిదానికి ఈగలు పట్టుమీదనున్నవి. రెండవదానికి అవి గాలిలోనున్నవి, దిగినవాడును అదే గాలిలోనున్నాడు. అంతేగాక ఊపు తన చివరికి చేరి, మరలుటకు మునుపు నిలుచు లిప్తపాటు కాలముననే కఱ్ఱ పోటు పడవలెను. అమెరికాలో యోసెమిటీ లోయయందలి ఎల్ కాపిటాన్ శిలపై నోస్ అను మార్గమును వారెన్ హార్డింగ్, వేన్ మెర్రీ, జార్జ్ విట్‌మోర్ 1958 నవంబరులో తొలిసారిగా పూర్తిచేసిరి. ఆ మార్గమున ఒక పగులునుండి మఱొక పగులునకు త్రాటిపై వ్రేలాడి పరుగెత్తి ఊగుట నేటికిని జగద్విఖ్యాతము. అయితే అచట ఊగువాని రెండు చేతులును ఖాళీయే, ఎదుట పొగయు లేదు, ఈగలును లేవు.

ఇక త్రాటి పైకొనను గూర్చి. దానిని కనిపెట్టియుండువాడు దాదాపు ఎల్లప్పుడును దిగినవాని మామయో బావమరిదియో యని థర్‌స్టన్ చెప్పెను. ద్రోహమునకు తావులేకుండుటకై ఈ ఏర్పాటట. బావమరిది బ్రతుక గోరును, దాయాది చావ గోరును అను మన సామెత వట్టి మాటగా వినువారికి ఇచట దాని అర్థము బోధపడును. చూరు క్రిందనున్నవాడు పైవానికి కనబడడు. త్రాటి కదలికయే వారి మాట. తోబుట్టువు పసుపుకుంకుమలు త్రాటి రెండవకొననున్నవని యెఱిగినవాడు ఏమఱడు. చెంచులు అహోబల నరసింహుని తమ ఆడపడుచు పెనిమిటిగా ఎంచుకొనినవారు. దైవముతోనే వియ్యమందిన జాతి, ప్రాణమును వియ్యపువారి చేత పెట్టుటలో వింతయేమి? మార్గమంతటిలోను మొదటి ఎత్తుగడ మేకు దిగగొట్టుట కాదు. త్రాడు ఎవరి చేతిలో నుండవలెనో నిర్ణయించుట.

నేటి క్రీడాకారుల సాధనను తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. చెక్ దేశీయుడు ఆడం ఓండ్రా 2017 సెప్టెంబరు 3న నార్వేలోని ఫ్లాటాంగర్ గుహయందు సైలెన్స్ అను మార్గమును సాధించెను. 9సి శ్రేణి కఠినతకు ప్రపంచమున అదియే మొదటిది. అందొకచోట దేహమును తలక్రిందులు చేసి పాదమును పగులులో బిగింపవలసియుండగా, అతడు ఆ కదలికలను ఎన్నోమారులు పడుచు లేచుచు అభ్యసించుటయే గాక, నేలమీద వెల్లకిల పరుండి కన్నులు మూసికొని మనస్సులోనే ఎక్కెను. భేదమెల్ల ఇంతే: అతనికి పడుట అభ్యాసములో భాగము, చెంచునకు అది అభ్యాసమునకే అంతము. తెలుగువారిలోను ఈ విద్య శాస్త్రీయముగా పాదుకొనుచున్నది. భువనగిరి ఏకశిలపై తర్ఫీదు పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లయినను నిండకమునుపే, ఎవరెస్టు శిఖరమునెక్కినది.

తేనెత్రాటి తరువాతి కథ క్లుప్తమైనది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీఫలసాయముతో పాటు తేనెను కొనుట మొదలిడెను. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలము అడవి పులుల సంరక్షణ పథకములోనికి వచ్చి రాకపోకలకు కట్టుబాట్లేర్పడెను. పట్టునంతటిని పొడిచి దింపుటకు మారుగా తేనెయున్న భాగమును మాత్రము కోసి, పిల్లలున్న భాగమును విడిచిపెట్టుట మేలని శిక్షణలిచ్చువారు నేడు బోధించుచున్నారు. మంచిమాటయే; కాని ఊపు చివర నిలుచు లిప్తపాటులో కొలిచి కోయుట పొడుచుటకన్న ఎంత కష్టమో బోధించువారు తలపోయవలెను.

థర్‌స్టన్ వాక్యములలో దిగినవాని పేరు లేదు, త్రాడు పట్టినవాని పేరు లేదు, చరియ పేరును లేదు. నేప్స్ నీడిల్ నెక్కినవాని పేరును, నెల సంవత్సరములును లోకమెఱుగును. యర్రగొండపాలెము, దోర్నాల, అర్ధవీడు, గిద్దలూరు మండలముల గూడెములలోని పెద్దలు మనకు దూరపువారు కారు. మార్కాపురము, గిద్దలూరు కళాశాలలలో చరిత్రయు తెలుగును బోధించు అధ్యాపకులు, వారి సమ్మతితో, వారికి తగిన ప్రతిఫలమిచ్చి, ఏ చరియను ఏ పేర పిలుతురో, త్రాడు ఎన్ని బారలో, దేనితో అల్లుదురో, ఏ ఊపున ఏమి చేయుదురో, పైకొన పట్టినవాడు వరుసకు ఏమగునో, వారి వారి పేళ్లతోనే వ్రాసి అచ్చువేయింతురు గాక.