మరచినవారి దిగులును కొలిచిన చరిత్ర

ముప్పయ్యేళ్ళు పిల్లలకు ప్రశ్నపత్రాలు కూర్చిన నాకు, డిమెన్షియా సోకిన వృద్ధుల మనసును వైద్యులు ఏ ప్రశ్నలతో పరీక్షిస్తారో తెలుసుకోవాలన్న కుతూహలం కలిగింది. నిన్నటి సంగతి గుర్తులేని వారిని “ఈ వారమంతా దిగులుగా ఉన్నారా?” అని అడిగితే వచ్చే జవాబును ఎంతవరకు నమ్మవచ్చు? ఈ చరిత్ర అంతా ఆ చిక్కు చుట్టూ తిరిగినదే.

1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యశాలలో అలోయిస్ ఆల్జీమర్, ఆగుస్టె డెటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని పరీక్షించాడు. ఆమె మరుపుతో పాటు భర్తపై అనుమానాన్నీ, తనను ఎవరో చంపుతారన్న భయాన్నీ నమోదు చేశాడు. అంటే ఆ వ్యాధి తొలి వృత్తాంతంలోనే భయం ఉన్నది. కాని లోకం మరుపునే ప్రధానంగా గుర్తుంచుకున్నది.

1980లలో వృద్ధుల కుంగుబాటును తెలుసుకొనడానికి అమెరికాలో యెసవేజ్ బృందం 30 ప్రశ్నల పట్టిక రూపొందించింది. అన్నింటికీ ‘అవును’, ‘కాదు’ అన్నవే జవాబులు. మరుపు ముదిరినవారి విషయంలో ఆ జవాబులపై ఆధారపడటం కష్టమైంది.

1988లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్సోపౌలోస్, ఆయన సహచరులు మార్గం మార్చారు. వారి కొలమానంలో 19 అంశాలున్నాయి. ఒక్కొక్కదానికి సున్నా నుండి 2 వరకు మార్కులు. వైద్యుడు ముందుగా రోగిని కనిపెట్టుకొని ఉండేవారిని విచారిస్తాడు, పిమ్మట రోగితో మాట్లాడతాడు. రెండు మాటలకూ పొంతన కుదరకపోతే మళ్ళీ విచారిస్తాడు. శరీరరోగం వల్ల కలిగిన లక్షణాన్ని లెక్కలో చేర్చడు.

ఆందోళనకు ప్రత్యేకంగా 1999లో శంకర్, ఒరెల్ మొదలైనవారు 18 అంశాల కొలమానం ప్రకటించారు. వ్యాకులతతో పాటు వణుకు, గుండెదడ, నిద్రలేమి వంటివీ అందులో చేరాయి. నోరు చెప్పలేనిది దేహం చెబుతుందన్న గుర్తింపు ఇది.

మన ఇళ్ళలో పెద్దవారు అన్నం వద్దన్నా, పొద్దుగూకగానే బెంబేలుపడినా ‘చాదస్తం’ అని సరిపెట్టుకుంటాం. అది చికిత్సతో తగ్గే కుంగుబాటు కావచ్చు, చెప్పుకోలేని నొప్పి కావచ్చు. నిర్ణయం వైద్యునిదే. అయితే ఆకలి, నిద్ర, కన్నీరు, భయం ఎప్పటినుండి మారాయో కాగితంపై రాసి తీసుకుపోవడం మన పని. ఈ పరీక్షలో సగం జవాబుపత్రం ఇంటివారిదే. తక్కిన సగం మాత్రం ఆ పెద్దవారిదే. వారి ఎదుటే వారిని గురించి మాట్లాడుతూ, వారిని అడగకుండా లేచి రాకూడదు.