గోబెలిన్ నలుపు మీద వచ్చిన ఫిర్యాదు

పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగానికి 1824లో రసాయనవేత్త షెవ్రల్ అధిపతిగా వచ్చేసరికే ఫిర్యాదులు ఉన్నాయి. లేత నీలం, ఊదా నిలవడం లేదన్నారు, అది నిజమే. నీలి, ఊదా దుస్తుల ముడతల్లో నీడ కోసం నేసిన నలుపు వెలవెలబోతోందని కూడా అన్నారు. షెవ్రల్ ఫ్రాన్స్, ఇంగ్లండ్, వియన్నాల మేలురకం నల్ల ఉన్నితో దాన్ని పోల్చి చూశాడు. గోబెలిన్ నలుపు దేనికీ తీసిపోలేదు. తప్పు అద్దకానిది కాదు, పక్కనున్న నీలానిది. నీలం పక్కన నలుపును చూసే కన్ను దానికి కాస్త నారింజ ఛాయ పులుముతుంది, నలుపు చిక్కదనం పోతుంది.

పక్కపక్కనున్న రంగులు కంట్లో మారిపోతాయని నేతగాళ్లకు ఎప్పుడో తెలుసు కదా అనవచ్చు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి మూడో రంగు మెరిపించడం మన పట్టు మగ్గాలకూ కొత్త కాదు. అక్కడ రంగులు కలవవు. సన్నని పోగుల నుంచి వచ్చే వెలుగులు కంట్లో కలుస్తాయి. అయితే చేతికి తెలియడం వేరు, కారణం తెలియడం వేరు. కారణం తెలిసి ఉంటే నింద అద్దకందారు మీద పడేది కాదు. షెవ్రల్ 1839లో అచ్చువేసిన గ్రంథం ఆ లెక్క తేల్చింది. కలిసిన వెలుగును కొలిచే పని మాత్రం 1850లలో, తిరిగే రంగుల చక్రంతో భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ చేపట్టాడు.