తెలుగు సినిమా డీవీడీ ప్రతులు

తెలుగు సినిమా వీడియో క్యాసెట్టు, వీసీడీ, డీవీడీ రూపాల్లో వరసగా ఇంటికి చేరింది. సినిమా ఒకటే అయినా ప్రతులన్నీ ఒకటి కావు. బొమ్మ ఎంతమేర కనిపిస్తుంది, పాట ఎలా వినిపిస్తుంది అన్నవి ప్రతిని బట్టి మారిపోతాయి.

క్యాసెట్ల కాలంలో రాయలసీమ పల్లెల్లో చందాలు వేసుకుని టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి, తెల్లవార్లూ సినిమాలు చూసేవారు. చేతులు మారేకొద్దీ టేపు అరిగి బొమ్మ మీద గీతలు పడేవి. 1993లో ప్రమాణం ఖరారైన వీసీడీలో ఆ అరుగుదల లేదు. కానీ డిస్కుకు 74 నిమిషాలే పట్టేవి, కథ ముడిపడే వేళకు లేచి డిస్కు మార్చాల్సి వచ్చేది. 1996లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన డీవీడీతో 352×288 చుక్కల బొమ్మ 720×576 అయింది. 2007 ప్రాంతంలో మోజర్ బేయర్ సంస్థ వీసీడీని 28, డీవీడీని 34 రూపాయలకే అమ్మడంతో డిస్కు కొనడం సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. 4.7 గిగాబైట్ల డిస్కులో మూడేసి సినిమాలు కుక్కిన ప్రతులూ ఉన్నాయి. వాటిలో పోరాట సన్నివేశం రాగానే బొమ్మ గడులు గడులుగా విడిపోతుంది.

తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' (1974). ఇలాంటి వెడల్పు బొమ్మను పాత చదరపు టీవీకి తగ్గట్టు డిస్కులోకి ఎక్కిస్తే 576 గీతల్లో 327 మాత్రమే బొమ్మకు దక్కుతాయి, మిగతాది నల్లపట్టీ. బొమ్మను పక్కల నుంచి నొక్కి ఎక్కించే అనమార్ఫిక్ పద్ధతిలో అయితే 436 దక్కుతాయి. ప్రతులను పోల్చేవారు మొదట చూడవలసింది ఇదే.

ధ్వని సంగతి ఇంకా సున్నితం. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 వేగంతో నడిపి పాల్ అనే టీవీ పద్ధతి డిస్కు చేస్తే, 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో ముగుస్తుంది. శ్రుతి సరిచేయకపోతే ఘంటసాల గొంతు దాదాపు ముప్పావు స్వరస్థానం పైకి జరుగుతుంది. అమెరికా తెలుగువారి కోసం అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో చేసిన ప్రతులకు ఈ తొందర అవసరం లేదు.

ప్రతుల తేడాకు పెద్ద ఉదాహరణ 'మాయాబజార్' (1957). దీని దర్శకుడు కె.వి.రెడ్డి. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ ఈ చిత్రానికి రంగులద్ది, ఒకే చానల్ ధ్వనిని డీటీఎస్ 5.1గా మార్చి, తెర కొలతనూ వెడల్పు చేసి 2010 జనవరి 30న విడుదల చేసింది. కొత్త తరాన్ని థియేటర్‌కు రప్పించిన శ్రమ అది, గౌరవించాలి. అయినా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ వెలుగునీడలను పేర్చింది నలుపు తెలుపుల కోసం, 1.37:1 చట్రం కోసం. అందుకే పాత ప్రతి దొరికినవారు టీవీని 4:3కి మార్చి చూడాలి. పక్కల నల్లపట్టీలు మిగులుతాయి. లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి దూకే దృశ్యం మాత్రం పళ్లెం నుంచి కిరీటం దాకా నిండుగా కనిపిస్తుంది.